అతిథి మార్చిన ప్రార్థన
(బ్రదర్ రోజే స్మారకోపన్యాసము)



2005వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీ రాత్రి, ఫ్రాన్సు దేశమున బర్గండీ ప్రాంతమందలి తేజే అను చిన్న గ్రామములో, ఇంచుమించు 2,500 మంది కూడియున్న సాయంప్రార్థన నడుచుచుండగనే, మతి చలించిన యొక స్త్రీ కత్తిపోట్లకు గురియై, 90 ఏండ్ల వృద్ధ సన్న్యాసి యొకడు ప్రాణములు విడిచెను. ఆయనయే అచ్చటి సన్న్యాసి సహోదరుల సమాజమును స్థాపించిన రోజే షుట్జ్. బ్రదర్ రోజే యని లోకమెఱిగిన పేరు. ఆ మహనీయుని పేర జరుగు నీ యుపన్యాసమును ఆయన మరణముతో నారంభించుట కొందఱకు అమంగళముగ తోచవచ్చును. కాని ఆయన జీవితమంతయు ఆ మరణము జరిగిన తీరులోనే యిమిడియున్నది. ఆ మందిరమున ఆయన స్థానము సహోదరుల వరుసలన్నిటికిని వెనుక. చుట్టును చిన్నపిల్లలు కూర్చుండెడివారు. ఆయనకును వచ్చినవారికిని నడుమ కటకటము గాని కావలివాడు గాని లేడు. ఎవ్వరైనను ఆయన చెంతకు పోవచ్చును. ఆమెయు అట్లే పోయెను. ఇంత జరిగిన పిమ్మట కూడ తేజే ప్రార్థన ఆగలేదు, వచ్చువారికి తలుపు మూయలేదు. అంత్యక్రియల దినమున ఆయన వారసుడైన బ్రదర్ అలోయీస్ ఆమెను క్షమింపుమని సభాముఖమున దేవుని వేడెను.

అతిథిసత్కారము క్రైస్తవ సన్న్యాసమునకు క్రొత్త ధర్మము కాదు. ఆరవ శతాబ్దమున పునీత బెనెడిక్టు తన నియమావళిలో, వచ్చిన ప్రతి యతిథిని క్రీస్తునే యన్నట్లు చేకొనవలయునని శాసించియున్నాడు. అయినను ప్రాచీన మఠములలో అతిథికి భోజనము కలదు, శయ్య కలదు, గౌరవము కలదు. ప్రార్థన మాత్రము మఠవాసులది. వారు తరతరముల క్రమము ననుసరించి పాడుచుందురు, అతిథి దూరమున నిలిచి వినును. తేజేలో జరిగిన విశేష మేమనగా, అతిథి లోనికి వచ్చి ప్రార్థనయొక్క రూపమునే మార్చివేసెను, సహోదరులు దానికి సమ్మతించిరి. ఈ యొక్క సంగతిని నాకు తెలిసినంత వివరముగా తమ యెదుట నుంచవలెనని నా సంకల్పము.

రోజే 1915 మే 12న స్విట్జర్లాండులోని ప్రొవాన్స్ గ్రామమున పుట్టెను. తండ్రి రిఫార్మ్డ్ (సంస్కరణోద్యమ) సంఘపు పాదిరి. తల్లి ఫ్రెంచి ప్రొటెస్టెంటు వంశపు ఆడపడుచు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఉత్తర ఫ్రాన్సున నుండిన ఆయన అమ్మమ్మ, యుద్ధము ముంగిటికి వచ్చినను ఇల్లు విడువక, శరణార్థులకు తలుపు తీసి యుంచినది. క్రైస్తవులు క్రైస్తవులను చంపుట చూడలేక, తన హృదయమునందైనను ఆ చీలిక మానవలెనని, ప్రొటెస్టెంటు వంశమున పుట్టిన ఆ వృద్ధురాలు కతోలిక దేవాలయమునకు పోయి ప్రార్థించుచుండెడిదట. మనుమని జీవితమున తర్వాత జరిగినదంతయు ఈ వృద్ధురాలి నడతకు వ్యాఖ్యానమని నాకు తోచును. యౌవనమున క్షయరోగము ఆయనను చాలకాలము బాధించెను. ఆ దినములలోనే సహజీవనముపై కోరిక మొలకెత్తెనందురు. లొసాన్‌లోను స్ట్రాస్‌బుర్గ్‌లోను వేదాంతము చదివి, బెనెడిక్టుకు పూర్వమందలి సన్న్యాసాదర్శము సువార్తకు ఎంతవఱకు అనుగుణమను విషయముపై సిద్ధాంతవ్యాసము వ్రాసెను. సంస్కరణోద్యమము మఠములను మూసివేసిన నాలుగు శతాబ్దములకు, ఆ యుద్యమపు బిడ్డయే మఠమును గూర్చి యింత శ్రద్ధతో నాలోచించుట ఆ నాటి ఆయన పెద్దలకు వింతగనే యుండియుండును.

1940 ఆగస్టులో, ఫ్రాన్సు ఓడిపోయిన వేసవిని, 25 ఏండ్ల రోజే జెనీవానుండి సైకిలు నెక్కి ఇల్లు వెదకుచు బయలుదేఱెను. 910లో స్థాపితమై, ఐరోపాకెల్ల తలమానికమై వెలసి, విప్లవానంతరము రాళ్ల కొఱకు కూల్చబడిన క్లూనీ మహామఠపు శిథిలములకు కొలది దూరమున, సగము పాడువడిన తేజే గ్రామమున ఒక యిల్లు అమ్మకమునకు ఉండెను. జర్మను సేనలు ఆక్రమించిన భాగమునకును మిగిలిన ఫ్రాన్సునకును నడుమ గీచిన సరిహద్దురేఖ అక్కడికి దగ్గఱనే యున్నది. తామిచ్చట దిక్కులేక యున్నామనియు, ఇక్కడనే యుండుమనియు ఒక వృద్ధురాలు ఆయనను వేడుకొనినది. ఆ మాటను ఆయన దైవాజ్ఞగా స్వీకరించెను.

రేఖ దాటి వచ్చు శరణార్థులు, వారిలో అనేకులు యూదులు, ఆ యింట దాగిరి. ఆయన సోదరి జెనవియేవ్ వచ్చి ఇంటి పని చేతబట్టినది. ఇల్లు చిన్నది, తిండి కొంచెము, నీళ్లు బావినుండి తోడుకొనవలసినవి. ఈ కాలపు సంగతులలో నొకటి నాకు మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది. రోజే దినమునకు మూడుమార్లు ప్రార్థించు నియమము గలవాడు. పాట పాడి ప్రార్థించువాడు. కాని యింట నున్నవారు యూదులును, దేవుని నమ్మనివారును. తలదాచుకొన వచ్చిన మనుష్యుడు ఆశ్రయమిచ్చినవాని ప్రార్థనకు కూర్చుండనిచో కృతఘ్నతగ నెంచుదురేమో యని సంకోచించును. సంకోచించి యిష్టము లేకయే కూర్చుండును. ఆ యిబ్బంది వారికి కలుగరాదని ఆయన ఇంటికి దూరముగ అడవిలోనికి పోయి పాడుకొనుచుండెడివాడు. ప్రార్థింపదలచిన యతిథులు తమ తమ గదులలోనే ప్రార్థించుకొందురు గాక యని జెనవియేవ్ చెప్పుచుండెడిది. మందిరములు కట్టుటకు ముందు, పాటలు పుట్టుటకు ముందు, తేజే ప్రార్థనను అతిథి మొట్టమొదట మార్చినది ఈ విధముగ: దానిని ఇంటినుండి చెట్లలోనికి పంపివేసెను. తన భక్తిని ఎదుటివాని స్వేచ్ఛకు లోబఱచుట ఎంత కఠినమో భక్తిమంతులు ఎఱుగుదురు.

1942 చివర, రోజే స్విట్జర్లాండునకు పోయియుండగా, రహస్యము బయలుపడి జర్మను రహస్యపోలీసులైన గెస్టపో వారు ఆ యింటిపై బడిరి. ఆయన తిరిగి రాలేకపోయెను. జెనీవాలో మాక్స్ తూర్యాన్, పియేర్ సూవెరాన్, దానియేల్ ద మోమోలాన్ అనువారు ఆయనతో చేరి ఉమ్మడి జీవనము నారంభించిరి. 1944లో నలుగురును తేజేకు వచ్చిరి. ఇప్పుడు చెఱలో నున్నవారు జర్మనులు. సమీపమందలి శిబిరములలోని జర్మను ఖైదీలను, అనుమతి సంపాదించి, ఆదివారములలో తమ యింటికి పిలిచి, ఉన్నదానిలో వారికి పెట్టిరి. నిన్నటి పీడితులకు తెఱచిన తలుపే నేటి పరాజితులకును తెఱచుట గ్రామస్థులందఱకు రుచించెనని తలంపరాదు. ఆ గాయములు అప్పటికి పచ్చివి.

1949 ఈస్టరు దినమున ఏడుగురు సహోదరులు బ్రహ్మచర్యమునకును, ఆస్తిపాస్తుల ఉమ్మడితనమునకును, నిరాడంబర జీవనమునకును యావజ్జీవము కట్టుబడిరి. తొలుత వారందఱును ప్రొటెస్టెంటు సంఘములవారు. 1969నుండి కతోలికులును చేరిరి. తర్వాతి కాలమున ఇంచుమించు 30 దేశములకు చెందిన నూఱుమంది సహోదరులు అందుండిరి. విరాళములు వారు స్వీకరింపరు. తలిదండ్రులనుండి సంక్రమించిన ఆస్తి వచ్చినను బీదలకు పంచివేయుదురు. తమ చేతిపనితోనే బ్రతుకుదురు. కుండలు, పింగాణి పాత్రలు చేయుట అందొకటి. పైన పేర్కొనిన బ్రదర్ దానియేల్ చెట్టుచేమల బూడిదలనుండి పాత్రలకు మెఱుగుపూతలు కూర్చు విద్యలో ఐరోపాలో ప్రమాణపురుషుడయ్యెను. ఏ కట్టె బూడిద నిప్పులో నే వన్నె నిచ్చునో ఆయన ఆయువంతయు పరిశోధించెను. ఈ ధననియమము అతిథుల విషయమున ఎంత యుపకరించెనో గమనింపుడు. వచ్చువారు తమ తమ దేశముల స్తోమతుననుసరించి యిచ్చు కొద్ది పైకము వారి భోజనవసతులకే సరిపోవును. దానివలన సహోదరులకు లాభము లేదు. కనుక వచ్చినవానిని దాతగా చూడవలసిన యగత్యము వారికి కలుగదు.

ఇక మందిరముల మాట. గ్రామమున 12వ శతాబ్దపు చిన్న రాతిదేవాలయము కలదు. అది కతోలికులది, అందు ప్రొటెస్టెంటు సన్న్యాసులు ప్రార్థించుటకు 1948లో అనుమతి దొరకినది. ఆ యనుమతినిచ్చినవాడు పారిసులో నప్పుడు పోపు రాయబారిగ నున్న ఆంజెలో రోంకాల్లి. పది సంవత్సరముల పిమ్మట ఆయనయే 23వ యోహాను పోపై, రెండవ వాటికన్ మహాసభను పిలిచి, రోజేను తూర్యాన్‌ను అందు పరిశీలకులుగ ఆహ్వానించెను. వచ్చువారు పెరుగగా ఆ చిన్న దేవాలయము చాలలేదు. యుద్ధమున తమ దేశము చేసిన పాపమునకు ప్రాయశ్చిత్తముగ, నష్టపడిన దేశములలో నిర్మాణములు చేయు జర్మను యువకుల సంస్థ యొకటి ముందుకు వచ్చి, సహోదరులలోనే యొకడగు శిల్పి గీచిన నమూనా ననుసరించి, 1962లో సమాధాన దేవాలయమును కట్టియిచ్చెను. సహోదరులకు అది మొదట మితిమీఱి పెద్దదిగ తోచెనట. 1971 ఈస్టరునకు వచ్చినవారికి అదియు చాలలేదు. అప్పుడు వారు ముందరి గోడను కూలగొట్టించి, దానికొక పెద్ద గుడారమును తగిలించిరి. తొమ్మిదేండ్ల క్రిందట, ఎంతో శ్రమతో, ఎంతో భావగర్భితముగ కట్టబడిన గోడ! రాతిని ప్రేమించు మఠములు చరిత్రలో అనేకములు కలవు. వచ్చినవారు బయట నిలువరాదని పగులగొట్టిన గోడ నాకు తెలిసినంతలో ఇదియే.

గోడకంటె గొప్ప మార్పు పాటలలో జరిగినది. తొలినాళ్లలో సహోదరులు ఫ్రెంచి భాషలో దీర్ఘమైన కీర్తనాపాఠములను రెండు పక్షములుగ పాడుచుండెడివారు. అది సుశిక్షితుల గానము. 1960వ దశకము చివరనుండి పలుదేశముల యువకులు గుంపులుగుంపులుగ రాసాగిరి. వారికి భాష రాదు, పుస్తకము పట్టుబడదు, వారు మౌనప్రేక్షకులైరి. సహోదరులకు రెండు మార్గము లుండెను: తమ పాటను కాపాడుకొనుటయా, వచ్చినవారి నోట పాట పెట్టుటయా? వారు రెండవదానిని ఎన్నుకొని, 1970వ దశకమున జాక్ బెర్త్యే (1923–1994) అను పారిసు స్వరకర్తను ఆశ్రయించిరి. ఒకటి రెండు పాదములు, తేలికయైన స్వరము, రెండు మూడు మార్లు వినగనే నోటికి వచ్చునది, అలసట లేక పలుమార్లు తిప్పి పాడదగినది: ఇట్టి పాటలు వెలువడినవి. అనేకములకు లాటిను భాషనే తీసికొనిరి. ఏలయన ఆ భాష ఇప్పుడెవ్వరికిని మాతృభాష కాదు, కాబట్టి ఎవ్వరికిని అందు ఆధిక్యము లేదు. పిమ్మట జర్మను, స్పానిషు, పోలిషు, రష్యను భాషలలోను చేరినవి. మన భజనగోష్ఠిలో ఒక్క నామమును పదేపదే పలుకుచుండగా పలుకు పెదవులనుండి గుండెకు దిగినట్లే, అచ్చటను జరుగును. దీనిని తెలుగువానికి వివరింప నక్కఱలేదు.

ఆ ప్రార్థన నడుచు తీరు చెప్పెదను. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము గంటలు మ్రోగును. మ్రోగగనే ఎంతటి ముఖ్యమైన పనియైనను ఆగును. మందిరమున బల్లలు లేవు. అందఱును నేలపై కూర్చుందురు, కొందఱు చిన్న మోకాలిపీటల నాశ్రయింతురు. నడుమ తెల్లని యుత్తరీయములతో సహోదరులు బారులుదీరి, జనులతో కలిసి ఒకే దిక్కునకు మొగమై యుందురు. ముందు నారింజవన్నె తెరచాపలవంటి వస్త్రములు, వాని క్రింద గుల్లయిటుకలలో నుంచిన దీపములు. పాట, కీర్తన, రెండు మూడు భాషలలో కొలదిపాటి వాక్యపఠనము, మఱల పాట, ఆపై మౌనము. ప్రసంగము లేదు. వేలకొలది యువజనులు, పదునేడు పదునెనిమిదేండ్ల వారు, నిమిషములకొలది నోరు మెదపక కూర్చుండుట చూచినవారికి గాని నమ్మిక కలుగదు. ఎక్కడనో బిడ్డ దగ్గును, గుడ్డ కదలిన చప్పుడగును, అంతియే. ప్రసంగము లేకుండుట సైతము అతిథి నిమిత్తమే యని నా నమ్మకము: ఏ సంఘపు సిద్ధాంతమును ఎవ్వరి చెవిని బలవంతముగ వేయబడదు, 1940లో అడవిలోనికి పోయిన మర్యాదయే ఇచ్చట మౌనరూపము దాల్చినది.

శుక్రవారపు సాయంప్రార్థనానంతరము, క్రీస్తు చిత్రము లిఖించిన సిలువను నేలపై పరుండబెట్టుదురు. కోరినవారు మోకాళ్లపై నడచిపోయి ఆ కఱ్ఱకు నొసలానించి, తమ భారమును పరుల భారమును అక్కడ దించుకొందురు. వరుస నడిరేయి దాటినను తీరదు. శనివారము రాత్రి చేతిచేతికి చిన్న మైనపువత్తులు వెలిగించి పునరుత్థానమును కొనియాడుదురు. ఇట్లు ప్రతివారమును శ్రమదినమునుండి ఈస్టరు వఱకు నడుచును. సాయంప్రార్థన ముగిసిన తర్వాత కొందఱు సహోదరులు మందిరముననే నిలిచి, మాటలాడగోరిన వారి మాట వినుచుందురు. వారు గురువులుగ నుపదేశము చేయుటకు నిలువలేదు, వినుటకే నిలిచిరని బ్రదర్ రోజే పదేపదే చెప్పుచుండెడివాడు.

వచ్చువారు సాధారణముగ ఒక ఆదివారమునుండి మఱు ఆదివారము వఱకు నిలుతురు. గుడారములలోనో, ఆఱెనిమిదిమంది పండుకొను బల్లగదులలోనో వాసము. భోజనమునకు పళ్లెరము, గిన్నె, చెంచా. ఆ చెంచాతోనే అన్నియు తినవలెను, ఆ గిన్నెతోనే నీళ్లును తేనీరును త్రాగవలెను. ఉదయమున ఒక సహోదరుడు బైబిలు భాగమును వివరించును; తర్వాత చిన్న చిన్న గుంపులుగ కూర్చుండి ముచ్చటింతురు. ఇది గాక ప్రతివానికి ఒక పని కలదు: వడ్డించుటయో, గిన్నెలు కడుగుటయో, పాయిఖానాలు శుభ్రపఱచుటయో. జీతగాండ్రు లేరు. వేసవి వారములలో కొన్ని వేలమందికి అన్నము వండి వడ్డించువారు అంతకు ముందటి దినము వచ్చిన యతిథులే. ఈ యేర్పాటులో 1966నుండి పొరుగున అమ్యుఞి గ్రామమున నివసించు పునీత అంద్రెయ సోదరీసమాజము వారి పాలు గొప్పది. తేజేను వర్ణించువారు వారిని మఱచుట న్యాయము కాదు. ఎంతటివారైనను ఇచ్చట స్థిరపడరాదు, తమ ఊళ్లకు తమ సంఘములకే మఱలిపోవలయును. తన పేర ఒక యుద్యమము, సభ్యత్వము, శాఖలు ఏర్పడుటకు బ్రదర్ రోజే ఒప్పుకొనలేదు. అందులకు మాఱుగ సహోదరులే యాత్రలు చేసిరి: 1976లో రోజే కలకత్తా పేదవాడలో కొన్ని వారములు నివసించెను, 1985 చివర మద్రాసున గొప్ప యువజన సమావేశము జరిగెను.

మద్రాసు పేరు వచ్చినది గనుక మన సంగతి కొంత చెప్పవలసియున్నది. 1947 సెప్టెంబరు 27న ఆ నగరమందలి సెంట్ జార్జి దేవాలయముననే ఆంగ్లికను, మెథడిస్టు, కాంగ్రిగేషనలు, ప్రెస్బిటీరియను సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగ నేర్పడినవి. 1919 ట్రాంక్విబారు సమావేశమునుండి దానికై పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య 1945లోనే గతించి, ఆ దినమును చూడలేకపోయెను. తేజే సహోదరుల వ్రతములకంటె ఇది ఇంచుమించు రెండేండ్లు ముందు, తెలుగుసీమకు గర్వకారణము. అయితే మన యేకీకరణము రాజ్యాంగరచన వంటిది: ఉపసంఘములు, తీర్మానములు, దశాబ్దముల చర్చలు. గుంటూరు లూథరనులు, నెల్లూరు ఒంగోలు బాప్టిస్టులు, కతోలికులు దాని వెలుపలనే యుండిరి. మనలో ననేకుల సంఘభేదము విశ్వాసభేదము వలన వచ్చినది కానే కాదు. ఏ జిల్లాను ఏ మిషను పంచుకొనెనో దానినిబట్టి తాతలకు సంక్రమించినది. ఈ విభాగములను మొదట దాటినది పాటయే యని గుర్తుచేయుటకు సంతసించుచున్నాను: బాప్టిస్టు బోధకుడైన పురుషోత్తమ చౌదరి కీర్తనలను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున లూథరనులును దక్షిణ ఇండియా సంఘమువారును తమవిగనే, రాగతాళములతో పాడుకొనుచున్నారు. తీర్మానములు వ్యర్థమని నా యభిప్రాయము కాదు. కాని ఒకే కప్పు క్రింద కలిసి తిని, కలిసి గిన్నెలు కడిగి, దినమునకు ముమ్మాఱు కలిసి మౌనము వహించినవారికి తీర్మానముల భాష వేఱుగ వినబడునని మాత్రము దృఢముగ చెప్పగలను.

తేజేలో సర్వము సమసినదని చెప్పుట అసత్యము. ప్రభుభోజనపు బల్లవద్ద సంఘముల భేదము నేటికిని నిలిచియున్నది. కలిసి ప్రార్థించినవారు అన్ని వేళల కలిసి రొట్టె విఱువలేరు. 2005 ఏప్రిలులో రెండవ జాన్ పాల్ పోపు అంత్యక్రియలందు కార్డినల్ రాట్సింగర్ చేత రోజే సత్ప్రసాదము స్వీకరించినప్పుడు, ఆయన రహస్యముగ మతము మార్చుకొనెనా యని పత్రికలు చర్చించినవి. తాను పుట్టిన విశ్వాసమును కతోలిక విశ్వాస మర్మముతో తనలోనే సమాధానపఱచుకొంటిననియు, అందులకై ఎవ్వరితోడి సహవాసమును త్రెంచుకొనలేదనియు ఆయన అంతకు చాలకాలము ముందే చెప్పియుండెను. అమ్మమ్మ నడతయే యది. ఈ సమాధానము వేదాంతులకు చాలలేదు, నాకును దాని యందలి చిక్కు తెలియును. అయినను దాని నిజాయితీని శంకింపజాలను. ఇంతకంటె నొప్పియైన సంగతి మఱియొకటి. గతదశాబ్దములలో కొందఱు సహోదరులు యువజనులపై లైంగిక దురాగతములు చేసిరని 2019లో ఆ సమాజమే స్వయముగ ప్రకటించి, అధికారులకు తెలిపి, బాధితులు ముందుకు వచ్చి మాటలాడవలెనని కోరినది. తలుపు తెఱచినచోట నమ్మి వచ్చినవారికి జరిగిన ద్రోహము కనుక అది రెట్టింపు ఘోరము. దానిని కప్పిపుచ్చి తేజేను పొగడుట, అచ్చటికి తమ బిడ్డలను పంపు తలిదండ్రులకు అపచారము.

బ్రదర్ రోజే తన యనంతరము పెద్దగ నుండవలసినవానిని చాలకాలము ముందే నియమించి యుంచెను. నియమింపబడిన అలోయీస్ జర్మను దేశీయుడు, కతోలికుడు. రిఫార్మ్డ్ సంఘపు పాదిరి కొడుకు, తాను స్థాపించిన సమాజమును కతోలికుని చేత నుంచుటకు సందేహింపలేదు. అలోయీస్ పదునెనిమిదేండ్లు ఆ భారము వహించి, బ్రతికియుండగనే దానిని దించి, 2023 డిసెంబరు 3న, ఆగమనకాలపు మొదటి ఆదివారమున, మాథ్యూ అను ఆంగ్లేయునకు అప్పగించెను. మాథ్యూ ఆంగ్లికను సంఘమువాడు. స్థాపకుని మొదలుకొని నేటి వఱకు ఆ సమాజమునకు ముగ్గురే పెద్దలు. ముగ్గురివి మూడు సంఘములు, మూడు దేశములు. ఐరోపాలో ఈ సంఘములు ఒండొరులను కాల్చి చంపిన శతాబ్దములు చదివినవారికి ఈ వరుస ఎంత విలువయైనదో నేను చెప్ప నక్కఱలేదు. ఆ యప్పగింత జరిగిన మఱునాడు సోమవారము. వారపు అతిథులకు ఎప్పటివలెనే పనులు పంచబడెను.